ఇకెరసాక్ వెళ్ళే పడవ

భర్త సెవెరిన్ పోయాక అబెలోనె ఏడవలేదు. ఆ సంగతి గ్రీన్‌లాండ్‌లోని ఊమ్మన్నాక్‌లో అందరికీ తెలుసు.

మార్చి నెల, సముద్రం గట్టిగా గడ్డకట్టి ఉన్న రోజులు. హాలిబట్ చేపల కోసం మంచు కింద వేసిన గాలాలు ఎత్తడానికి సెవెరిన్ కుక్కల బండి కట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. మంచు పలకలుగా విరిగి బయటి సముద్రంలోకి కొట్టుకుపోయింది. మర్నాడు పొద్దున కుక్కలు కొన్ని, తడిసి గడ్డకట్టిన బొచ్చుతో, తెగిన పట్టెడలు ఈడ్చుకుంటూ వచ్చి ఇంటి ముందు పడుకున్నాయి. సెవెరిన్ రాలేదు. హెలికాప్టర్ వెతికింది. బండ్లున్నవాళ్ళంతా ఒడ్డు వెంబడి వెతికారు. చివరికి శవపేటిక లేకుండానే చర్చిలో ప్రార్థన చేశారు. ఆ రోజు కూడా అబెలోనె కళ్ళు తడవలేదు. ఇంటికి వచ్చినవాళ్ళకి కాఫీ పోసింది, కేకు కోసి పెట్టింది, అందరూ వెళ్ళాక కప్పులు కడిగి బోర్లించింది.

"గుండె రాయి చేసుకుంది పాపం" అన్నారు కొందరు మెచ్చుకోలుగా.

"ఉంటే కదా రాయి చేసుకోడానికి" అంది అత్తగారు బిబియానె, కోడలికి వినపడేలాగే. అని, గోడమీద ఉన్న కొడుకు ఫోటో ఒకటి తీసి సంచిలో పెట్టుకుని, ఇకెరసాక్‌లో తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కోడలితో మాట్లాడలేదు.

నిజానికి అబెలోనె రాయీ చేసుకోలేదు, మరేమీ చేసుకోలేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో ఆమె మొత్తంగా అలా ఉంది. అక్కడ తనదే ఏదో ఉందని తెలుస్తుంది, ముట్టుకుంటే మాత్రం ఎవరిదో అనిపిస్తుంది. ఇది కొన్నాళ్ళలో పోతుందనుకుంది. మంచు కరిగింది, ఎండ కాసింది, పిల్లలు రేవులో గాలాలు వేసి ఆడుకున్నారు. పోలేదు.

వేసవిలో సెవెరిన్ ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళని తన చేపల పడవలో ఫియర్డ్ లోపలికి, అంటే కొండల మధ్య సముద్రపు పాయలోకి, హిమానీనదం దాకా తీసుకెళ్ళి చూపించి తెచ్చేవాడు. ఆ పని చూసే ఊరిపెద్ద ఒకాయన జూన్‌లో వచ్చి, "పడవ ఖాళీగా పడుంది, లైసెన్సు నీకూ ఉంది, దారి నాకంటే నీకే బాగా తెలుసు" అన్నాడు. అబెలోనె చేపల ఫ్యాక్టరీ పని మానేసి చుక్కాని పట్టింది. ఆ పనికి కళ్ళు కావాలి, చేతులు కావాలి. ఇంకేమీ అక్కర్లేదు. అందుకే ఆమెకి సరిపోయింది.

సెప్టెంబరులో ఆ రోజు పొద్దున పొగమంచు రేవు మీద కూర్చుని లేవలేదు. వాతావరణం ఎటు తిరుగుతుందో చెప్పలేమని రేడియోలో అన్నారు. రావాల్సినవాళ్ళు ఒక్కొక్కరే మానుకున్నారు. ఒక్కడు మిగిలాడు. ప్రేబెన్ అనే డేన్, డెబ్బై దాటిన డెన్మార్క్ మనిషి, పొడుగ్గా, ఎర్రటి చెవులతో, చంకలో ఒక పూలకుండీ పట్టుకుని నిలబడ్డాడు. ముందు హిమానీనదం చూసి, తర్వాత ఇకెరసాక్‌లో దిగిపోతానని అంతకుముందే చెప్పి ఉన్నాడు.

పడవ కట్టు విప్పుతుంటే రేవు చెక్కల మీద బూట్ల చప్పుడయింది. అబెలోనె తలెత్తింది. బిబియానె. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో దుకాణంలో కొన్న సామాన్లు. కళ్ళు చూపించుకోవడానికి ఆసుపత్రికి వచ్చింది, ఇకెరసాక్‌కి వెళ్ళే సరుకుల పడవ పొగమంచు అని ఆగిపోయింది.

"ఇది ఇకెరసాక్ వైపేనా పోయేది" అంది ముసలావిడ, కోడల్ని కాదు, పడవని చూస్తూ.

"లోపల హిమానీనదం దగ్గరికి పోయి, తిరిగొచ్చేటప్పుడు ఆగుతాం అత్తా."

"ముందే దించితే నీ పడవేమన్నా అరిగిపోద్దా?"

"పొద్దున ఫోన్ చేశాను. మీ రేవు నిండా మంచు దూరిందంట. మధ్యాహ్నం పోటుకి కదుల్తుందన్నారు."

"కదిల్తే కదుల్తుంది, లేకపోతే లేదు. కూర్చోడానికి చోటుందా, డబ్బిచ్చే దొరలకేనా?"

అబెలోనె జవాబు చెప్పేలోపు ప్రేబెన్ ముందుకు వంగి, ముసలావిడ సంచి మీద చెయ్యి వేసి, గ్రీన్‌లాండ్ భాషలో అన్నాడు: "అక్కా, నీ చంచీ నేను మోత్తా. నేను పెద్దోణ్ణి."

బిబియానె నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. "ఈయనకి వయసెంత?" అనడిగింది కోడల్ని. మార్చి తర్వాత కోడలి మొహం చూసి అడిగిన మొదటి మాట అది.

"డెబ్బై దాటాయంట."

"నోటికి ఇంకా నాలుగు దాటలేదే."

ప్రేబెన్ ఆ మాట అర్థమై పగలబడి నవ్వాడు. మిగతాది డేనిష్‌లో చెప్పుకొచ్చాడు. వాళ్ళ నాన్న ఇక్కడ వడ్రంగి. తను పుట్టింది ఇక్కడే. దోర్తె అని ఇకెరసాక్ అమ్మాయి ఒకామె తనని పుట్టినప్పటినుంచీ ఎత్తుకుని పెంచింది. అయిదేళ్ళప్పుడు అమ్మానాన్నా తనని తీసుకుని డెన్మార్క్ వెళ్ళిపోయారు. "నేను పెరిగాను గానీ, ఈ భాష అక్కడే ఆగిపోయింది" అన్నాడు. తర్వాత రైల్వేలో పనిచేశాడు, పెళ్ళాడాడు, రిటైరయ్యాడు. నిద్రలో ఇప్పటికీ ఈ భాషలోనే మాట్లాడతాడని భార్య అంటుందట.

పడవ బయల్దేరింది. పొగమంచులో అబెలోనె నెమ్మదిగా నడిపింది. తెల్లని దాంట్లోంచి ఇంకా తెల్లనివి బయటికి వచ్చేవి, గుడిసెలంత, చర్చిలంత మంచుకొండలు. పక్కగా జరిగి మళ్ళీ మాయమయ్యేవి. క్యాబిన్‌లో వెనక బెంచీ మీద బిబియానె ఎండబెట్టిన చేపముక్క చీల్చి ప్రేబెన్ చేతిలో పెట్టింది.

"బువ్వ" అన్నాడు అతను సంతోషంగా.

"బువ్వే. నమిలి తిను, పళ్ళున్నాయా?"

"కొన్ని నావి. కొన్ని కొన్నా."

బిబియానె ముక్కులోంచి గురకలాంటి శబ్దం చేస్తూ నవ్వింది. సెవెరిన్ అచ్చం అలాగే నవ్వేవాడు. అబెలోనె ఆ సంగతి గమనించింది. ముందర నీళ్ళలో తేలుతున్న మంచుముక్కని గమనించినట్టే గమనించి, చుక్కాని కొంచెం తిప్పింది.

కాసేపటికి ప్రేబెన్ అడిగాడు: "అక్కా, దోర్తె ఇకెరసాక్‌లో ఉందా?"

బిబియానె నమలడం ఆపింది. "ఉంది. చర్చి వెనకాల."

"అక్కడ ఇల్లా?"

ముసలావిడ కోడలి వీపు వైపు చూసింది. చిన్నపిల్లాడి భాషకి చుట్టుతిప్పి చెప్పే మాటలు అందవు. అబెలోనె వెనక్కి తిరగకుండానే డేనిష్‌లో చెప్పింది, ఆవిడ చనిపోయి చాలా ఏళ్ళయిందని. చెప్పేటప్పుడు తన గొంతు రేడియోలో వాతావరణం చదివే గొంతులా ఉందని ఆమెకే అనిపించింది.

ప్రేబెన్ ఒళ్ళో పూలకుండీని అటూ ఇటూ తిప్పాడు. "జోజో?" అన్నాడు.

"జోజోనే నాయనా" అంది బిబియానె. "మంచి మనిషి. నాకు తెలుసు. ఎప్పుడూ ఎవరో ఒక పిల్లాణ్ణి ఎత్తుకునే ఉండేది. సొంతానికి పుట్టలేదు."

అతను తల ఊపాడు.

ఫియర్డ్ లోపలి కొసకి వచ్చేసరికి పొగమంచు ఉన్నపళంగా విడిపోయింది. ఎదురుగా హిమానీనదం ముందు గోడ, ఈ కొండ నుంచి ఆ కొండ దాకా, పగుళ్ళలో నీలంగా. అబెలోనె ఎప్పుడూ ఆగేచోటే, బాగా దూరంగా, ఇంజన్ ఆపింది. లోపల్నుంచి చప్పుళ్ళు వస్తున్నాయి, ఎక్కడో పెద్ద బల్లలు ఈడుస్తున్నట్టు. గోడలోంచి ఒక పెళ్ళ జారి నీళ్ళలో పడింది. చప్పుడు కాసేపయ్యాక వచ్చింది.

"పేద్ద మంచు" అన్నాడు ప్రేబెన్ మెల్లిగా.

అప్పుడు ఆమె చెంపకి గాలి తగిలింది. వెచ్చటి గాలి, పైనుంచి పెనుగాలి దిగబోతోందనడానికి గుర్తు. తలెత్తి చూస్తే, పైన మంచు పీఠభూమి అంచున పొడి మంచు పొగలా లేచి కిందికి ఒరుగుతోంది. అబెలోనె ఇంకేమీ చూడలేదు. ఇంజన్ వేసి పడవ తిప్పింది.

"అప్పుడే?" అన్నాడు ప్రేబెన్. "ఎండగా ఉందిగా. ఉక్కపోస్తోంది." అంటూ, పడవ ఎక్కేటప్పుడు ఇచ్చిన నారింజ రంగు రక్షణ సూటు జిప్పు బొడ్డు దాకా లాగేశాడు.

"మూసుకో" అంది బిబియానె. "ఈ ఎండే మనుషుల్ని తినేది."

కొద్దిసేపట్లోనే గాలి వెనకనుంచి తోసింది. వచ్చిన దారిలో అక్కడక్కడా ఉన్న మంచంతా ఒకచోటికి చేరి దారికి అడ్డం పడింది. అబెలోనె కాసేపు సందులు వెతికింది. దొరకలేదు. పక్కనే ఒక కొండముక్కు చాటున చిన్న మలుపు ఉంది, సెవెరిన్ ఇలాంటప్పుడు ఆగేచోటు. అందులోకి తీసుకెళ్ళి ఇంజన్ వేసే ఉంచింది. రేడియోలో తామెక్కడున్నదీ చెప్పింది. కాఫీ పోసి ఇద్దరికీ ఇచ్చింది.

"ఎంతసేపు?" అన్నాడు ప్రేబెన్.

"గాలి ఆగేదాకా."

"ఎప్పుడాగుతుంది?"

"మీ దేశంలో గాలి ముందే చెప్పి ఆగుద్దా?" అంది బిబియానె.

మలుపు బయట ఒక పెద్ద మంచుకొండ అడుగు నేలకి తగిలి నిలబడి ఉంది. దాని పక్కలనుంచి నీళ్ళు కారుతున్నాయి. అబెలోనెకి అది నచ్చలేదు. ఇంకొంచెం లోపలికి జరుపుదామని చుక్కాని పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ప్రేబెన్ బిబియానె చెవిదగ్గరికి వంగి, గుసగుసగా, "అక్కా, చుచ్చు వస్తోంది" అన్నాడు.

ముసలావిడ పడీపడీ నవ్వింది. "పో, వెనక్కి పో. గాలికి ఎదురుగా మాత్రం నిలబడకు."

అతను తలుపు తీసుకుని పడవ వెనకవైపుకి వెళ్ళాడు. అదే నిమిషంలో మంచుకొండ, పెద్ద జంతువు పక్క మార్చుకున్నట్టు, ఒరిగింది. ఇంకా ఒరిగింది. దాని అడుగు నల్లగా, నున్నగా, నీళ్ళు జారుస్తూ పైకి లేచింది. అబెలోనె అలకి ఎదురుగా పడవ ముక్కు తిప్పడానికి ఇంజన్ పెంచింది, "పట్టుకో" అని అరిచింది. అల కిందనుంచి ఎత్తి పడేసింది. రెండోది పక్కనుంచి వచ్చింది. పడవ నిలకడ పట్టాక వెనక్కి చూస్తే అక్కడ ఎవరూ లేరు.

నీళ్ళలో నారింజ రంగు కనిపించింది. తెరిచిన జిప్పులోంచి సూటు నిండా నీళ్ళు పోయి, బరువెక్కి, గడ్డం దాకా మునిగి ఉంది. ఆమె పడవ తిప్పింది, ఇంజన్ వదిలేసింది, కొక్కెం కర్రతో అతని భుజం దగ్గర పట్టీ అందుకుంది. లాగింది. మనిషి కదల్లేదు.

"తాడు" అంది.

బిబియానె అప్పటికే తాడు తెచ్చింది. గాలాల తాడు లాగే యంత్రం పడవ అంచున ఇంకా అలాగే ఉంది, సెవెరిన్ బిగించింది. అబెలోనె బోర్లా పడుకుని, భుజాల దాకా నీళ్ళలో ముంచి, తాడు అతని చంకల కిందుగా తిప్పి ముడి వేసింది. చేతులు తనవి కాకుండా పోయాయి. వేళ్ళు ముడి వేశాయో లేదో కళ్ళతో చూసుకోవలసి వచ్చింది. అత్త యంత్రం తిప్పింది. హాలిబట్‌ని లాగినట్టు, గుడ్లు తేలేసిన ఆ పెద్దమనిషిని పడవలోకి లాగారు.

అంతసేపూ అబెలోనె ఒకదానికోసం ఎదురుచూస్తూనే ఉంది. భయం రావాలి. ఇదే నీళ్ళు, ఇదే చలి, ఇలాగే ఒక మనిషి. ఇప్పుడైనా ఏదో ఒకటి లోపల విరగాలి. విరగలేదు. ముడి సరిగ్గా పడింది, అంతే.

క్యాబిన్‌లో ఇద్దరూ కలిసి అతని బట్టలు ఊడదీశారు. తెల్లగా, ముడతలు పడి, వణకడం కూడా మానేసిన ఒళ్ళు. అబెలోనె దుప్పట్లు, పడుకునే సంచి తీసింది.

"తుడువు, తుడువు. రుద్దకు" అంది బిబియానె, తన చొక్కా విప్పుకుంటూ. "ఇంక నువ్వు పోయి పడవ చూసుకో. అటు తిరుగు."

"అత్తా, ఈయన పక్కన నేను పడుకుంటాను. నీ ఒళ్ళు..."

"నా ఒళ్ళు కాక నీ ఒళ్ళా? నీ చేతులు చూడు, చచ్చిన చేపల్లా ఉన్నాయి. నా దగ్గర కొవ్వుంది. పోయి నడుపు."

ముసలావిడ సంచిలోకి దూరి, అతన్ని ఒళ్ళోకి లాక్కుని జిప్పు వేసింది. "ఇన్నేళ్ళకి ఒక మగాణ్ణి పక్కలో వేసుకుంటే, వాడేమో మంచుగడ్డ" అంది లోపల్నుంచి.

అబెలోనె రేడియోలో ఇకెరసాక్‌ని పిలిచింది. నర్సమ్మ జవాబిచ్చింది, రేవులో మంచు కొంత కదిలిందని, మనుషుల్ని పంపుతానని చెప్పింది. ఆకాశం మళ్ళీ మూసుకుపోయి, వడగళ్ళలాంటి మంచు అద్దానికి కొట్టింది. గాలి కాస్త తగ్గిన అదను చూసి ఆమె మలుపులోంచి బయటికి వచ్చింది. ఒడ్డుకి ఆనుకుని, రాళ్ళకీ మంచుకీ మధ్య నీళ్ళు నల్లగా కనిపించిన చోటల్లా దూరుతూ వెళ్ళింది. మంచుముక్కలు పడవ అడుక్కి రాసుకుంటుంటే చప్పుడు పళ్ళలోకి వచ్చేది.

వెనకనుంచి ప్రేబెన్ గొంతు వినిపించింది. "దోర్తే."

బిబియానె అతన్ని ఇంకా దగ్గరికి లాక్కుంది. తర్వాత, "ఊఁ, ఇక్కడే ఉన్నా" అంది.

"చలి."

"తెలుసు నాన్నా. తగ్గిపోద్ది. నన్ను పట్టుకో."

"అమ్మ కొడుతుంది. తడిపేశా."

"కొట్టదు. నేను చెప్తాగా."

అతను పిల్లాడిలాగే ఏడ్చాడు, ఎక్కిళ్ళు పెట్టి, సిగ్గులేకుండా. ఆ తర్వాత వణకడం మొదలుపెట్టాడు. "అదీ, ఒణుకు. గట్టిగా ఒణుకు" అంది ముసలావిడ. ఒణుకు వస్తే మనిషి దక్కినట్టే అని ఇద్దరికీ తెలుసు.

చాలా దూరం వచ్చాక అతను నిద్రలోకి జారుకున్నాడు. బిబియానె మాటిమాటికీ మొహం మీద తట్టి లేపి, ఏదో ఒకటి అనిపించి, మళ్ళీ పడుకోనిస్తోంది. అలా ఒకసారి తట్టాక, గొంతు మార్చి అంది: "సెవెరిన్ చిన్నప్పుడు వాడితో అన్న మాటలు. మళ్ళీ ఇయ్యాలే అన్నాను."

అబెలోనె ముందున్న నీళ్ళ మీద నుంచి కళ్ళు తీయలేదు. "అత్తా, నాకేమీ తెలియట్లేదు" అంది.

"దారా?"

"దారి తెలుసు. ఇంకేదీ తెలియట్లేదు. ఆ రోజునుంచీ. ఏడవకూడదని కాదు. కూర్చుని చూశాను కూడా, ఆయన కోటు ఒళ్ళో పెట్టుకుని. రావట్లేదు. ఇందాక ఈయన పడ్డప్పుడూ రాలేదు. నువ్వన్నది నిజమేనేమో. గుండె లేదేమో నాకు."

వెనక బిబియానె అతన్ని ఇంకోసారి తట్టి లేపింది. ముసలావిడకి వినపడలేదేమో అనుకుంది.

"నేను ఏడ్చాను" అంది బిబియానె చివరికి. "ఊరంతా వినేలా ఏడ్చాను. జూన్‌లో ఒకరోజు అది కూడా అయిపోయింది. ఇప్పుడు పొద్దున లేస్తాను, కాఫీ పెట్టుకుంటాను, వాడి ఫోటో చూస్తాను. చూస్తే గోడని చూసినట్టుంటది. నీమీద కోపం ఒక్కటే మిగిలింది. అదన్నా ఉంటే బాగుండని దాన్ని పట్టుకుని కూర్చున్నా."

"ఇప్పుడూ ఉందా?"

"ఈ డేనుగాడు నా చెయ్యి నలిపేస్తున్నాడు, కోపం సంగతి చూసుకోడానికి తీరిక లేదు. ఎడమకి పో, అక్కడ రాయుంది."

"తెలుసు."

"తెలుసులే. చెప్పాలనిపించింది."

ఇకెరసాక్ రేవు బయటికి రెండు చిన్న పడవలు ఎదురొచ్చి, మంచుముక్కల్ని కర్రలతో నెట్టి దారి చేశాయి. పగటి వెలుగు ఇంకా ఉండగానే ప్రేబెన్‌ని మంచం మీద మోసుకుని నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. మోసేవాళ్ళకి అతను తనకి తెలిసిన భాషలో, "నేను నడుత్తా, నేను పెద్దోణ్ణి" అని చెబుతూనే ఉన్నాడు. వాళ్ళు నవ్వుతూనే మోశారు. పూలకుండీ పడవలో ఎక్కడో దొర్లి పగిలిపోయింది.

అబెలోనె పడవ కట్టడానికి కూర్చుంటే వేళ్ళు తిరిగి ప్రాణం పోసుకుంటూ మండుతున్నాయి. తాడు జారిపోతోంది. బిబియానె వచ్చి తాడు లాక్కుని తనే కట్టింది.

"ఇంటికి రా. ఈ గాలికి వెనక్కి పోలేవు."

సీలు మాంసం పులుసు వేడిచేసి పెట్టింది. ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చుని తిన్నారు. గోడమీద ఫోటోలో సెవెరిన్ పదిహేనేళ్ళవాడు, తను పట్టిన మొదటి పెద్ద హాలిబట్ ఎత్తి చూపిస్తున్నాడు. అబెలోనె దాన్ని చూసింది. గోడని చూసినట్టే ఉంది. తల తిప్పితే అత్త కూడా అటే చూస్తోంది. ఇద్దరూ మళ్ళీ పులుసు తాగారు.

"ఉప్పు తక్కువైందా?" అంది బిబియానె.

"ఏమో."

"నాకూ ఏమో."

ఆ రాత్రి గాలి ఇంటిని పట్టుకుని ఊపింది. ఇద్దరూ ఒకే గదిలో పడుకున్నారు.

ప్రేబెన్ బతికి బట్టకట్టాడు. కొన్నాళ్ళు ఇకెరసాక్‌లోనే ఉండిపోయాడు. బిబియానె అతన్ని దోర్తె సమాధి దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ అతనికి చెప్పడానికి మాటలు చాలక, తనకి తెలిసిన మాటలే, బువ్వ, చలి, అక్క, జోజో, ఒక్కొక్కటీ చెప్పుకుంటూ నిలబడ్డాడట. ఊరి పిల్లలు అతని చుట్టూ తిరిగి, తమకంటే చిన్నవాడిలా మాట్లాడే ఆ తాతకి కొత్త మాటలు నేర్పారు. వాటిలో సగం బూతులని బిబియానె చెప్పింది. గాలి నెమ్మదించిన రోజున అబెలోనెనే వచ్చి అతన్ని ఊమ్మన్నాక్‌కి చేర్చింది.

ఆ తర్వాత ఆమె ఫియర్డ్ లోపలికి వెళ్ళినప్పుడల్లా ఇకెరసాక్‌లో ఆగడం అలవాటయింది. సముద్రం గడ్డకట్టాక కూడా మానలేదు, ఎవరి బండైనా ఎక్కి వచ్చేది. ఏడుపు వచ్చిందా అంటే రాలేదు. అత్తకీ రాలేదు. ఇద్దరూ కూర్చుని కాఫీ తాగేవారు, సరుకుల పడవ గురించీ, మంచు మందం గురించీ, పక్కింటివాళ్ళ కుక్కల గురించీ మాట్లాడుకునేవారు, మాటలు అయిపోతే ఊరుకునేవారు.

ఒకసారి బయల్దేరబోతుంటే బిబియానె గుమ్మంలో నిలబడి, "మళ్ళీ ఎప్పుడు?" అంది.

"వాతావరణాన్ని బట్టి."

"దాన్ని నమ్ముకుంటే అయినట్టే" అంది ముసలావిడ. "బుధవారం రా. చేప నానబెడతాను."

అబెలోనె బుధవారం వస్తానంది.